చప్పుడు లేని షెడ్డు

పండరి సంతకం పెట్టనన్నాడు.

మరమగ్గాల షెడ్డులో పనిచేసేది నలభై ముగ్గురు. నలభై రెండు సంతకాలు పడ్డాయి. మగ్గాల మోతకు తలలు పగిలిపోతున్నాయి, మోత తగ్గించే ఏర్పాటు చేయించండి, అందరికీ డాక్టరు పరీక్షలు చేయించండి అంటూ తమ బట్ట కొనే విదేశీ కంపెనీకి రాసిన ఉత్తరం అది. మహిపాల్ ఆ కాగితం పట్టుకుని మూడుసార్లు పండరి ఇంటికి వెళ్ళాడు. మూడుసార్లూ పండరి తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు. ఇరవై ఆరేళ్ళు పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన మనిషి!

ఉత్తరం చూసి విదేశీ కంపెనీ వివరణ అడిగింది. ఇక్కడి యాజమాన్యం సంగతి తెలిసిందే. కిందటేడు గట్టయ్యకు చూపు ఆనడం లేదని తేలితే అద్దాలు ఇప్పించలేదు, నెల తిరక్కుండా ఇంటికి పంపేసింది. ఇప్పుడూ మోత తగ్గించడానికి ఏమీ కొనలేదు. రెండు మైకులు మాత్రం కొంది.

ఆ మైకుల ఆలోచన హనుమకొండ ఆఫీసులో పీఆర్ చూసే అక్షరది. కంపెనీ తన గురించి తాను చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు, కార్మికుడే తన గొంతుతో చెప్పాలి అంది. పాడ్‌కాస్ట్ చేద్దాం, ఇంగ్లీషు అనువాదం జతచేసి పంపుదాం అంది. దానికి 'మా మగ్గం, మా మాట' అని పేరు పెట్టింది. మాటలు కూడా తనే రాసింది.

మాట్లాడేదెవరు? సంతకం పెట్టనివాడు ఒక్కడే ఉన్నాడు.

ఆర్డరు పోతే షెడ్డుకు తాళమేనని మేనేజరు వీరభద్రం పండరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. పండరి కూతురు హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఇంకా పద్నాలుగు నెలలు ఫీజు కట్టాలి. ఈ వయసులో ఇంకో షెడ్డువాళ్ళు తనను చేర్చుకోరని పండరికి బాగా తెలుసు. ఒప్పుకున్నాడు.

ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు కాగితం మీద ముందే ఇచ్చారు. భార్య సారలమ్మ ఎదురుగా కూర్చుని వారం రోజులు వాటిని అప్పజెప్పించుకుంది. రికార్డింగు నాడు తనూ వెంట వచ్చింది. తను లేకపోతే ఆయనకు గాబరా అంది. సరేనని అక్షర తన వెనక కుర్చీ వేయించింది.

నాలుగు గోడలకూ మెత్తలు కొట్టిన ఏసీ గది. పండరిది షెడ్డు గొంతు. అతను నోరు తెరవగానే అక్షర ఉలిక్కిపడి మైకు వెనక్కి జరిపింది. సారలమ్మ అరచెయ్యి కిందికి ఊపితే గొంతు తగ్గించాడు. మగ్గాలవాళ్ళకు సైగలు అలవాటే. ఆ మోతలో షెడ్డంతా చేతులతోనే ముచ్చట్లాడుకుంటుంది.

సారలమ్మ ఒక్కో ప్రశ్నకూ ఒక్కో వేలు ముడుస్తూ కూర్చుంది. మధ్యలో అక్షర పొరపాటున మూడో ప్రశ్న వదిలేసి నాలుగోది అడిగింది. పండరి తడుముకోకుండా మూడోదానికే జవాబు చెప్పాడు. బడి పిల్లల్లా బట్టీ పట్టించావా అమ్మా అని అక్షర నవ్వింది. సారలమ్మ నవ్వలేదు. ఆమె మొహాన చెమట పట్టింది.

ఆఖరి ప్రశ్న మోత గురించే. కంపెనీ అన్ని జాగ్రత్తలూ తీసుకుంటోందని చెప్పాలి. పండరి కాగితంలో లేని మాట చెప్పాడు.

"మోతనా మేడం? రెండేండ్ల సంది నాకైతే మోతనే లేదు. షెడ్డుల నిల్సుంటె అంత నిమ్మలమే."

చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. కృతజ్ఞతతో కన్నీళ్ళు పెట్టుకున్నాడనుకుంది అక్షర. ఇంత గొప్ప మాట తను జన్మలో రాయలేననుకుంది. ఆ ముక్కనే పాడ్‌కాస్ట్ మొదట్లో పెట్టింది.

విదేశీ కంపెనీ తృప్తి పడింది. ఆర్డరు నిలిచింది. నలభై రెండు సంతకాల కాగితం ఏ ఫైల్లోకి పోయిందో ఎవరికీ తెలియదు.

శుక్రవారం షిఫ్టు దిగే వేళ వీరభద్రం ఆ పాడ్‌కాస్ట్‌ను గేటు దగ్గర మైకులో వేయించాడు. పండరి గొంతు ఆవరణంతా మోగింది. పండరి కుళాయి దగ్గర వంగి టిఫిన్ గిన్నె కడుక్కుంటున్నాడు. మహిపాల్ వెళ్ళి అతని వెనక నిలబడ్డాడు.

"పండరన్నా, గా మాట మా మొకం జూసి చెప్పు."

పండరి గిన్నె తుడుచుకున్నాడు.

"నిన్నేనే. బెదిరిచ్చిండ్రా? పైసలిచ్చిండ్రా? నీ కాల్మొక్త, ఒక్కపారి ఇటు తిరుగు."

పండరి గిన్నె సంచీలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇంత పొగరా అన్నారు అందరూ. ఇక పండరి ఎదురుపడినా మొహం తిప్పుకుని పోవాలని నలభై ఇద్దరూ అప్పటికప్పుడే తీర్మానించుకున్నారు.

పండరి ఇల్లు చేరేసరికి సారలమ్మ ఫోన్లో అదే వింటోంది. అతను ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"నా మాట మంచిగ వచ్చిందా?"

మంచిగ వచ్చిందని ఆమె తల ఊపింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత బియ్యం డబ్బా అడుగు నుంచి దవాఖాన చీటీ ఒకటి తీసి పొయ్యి మీద కాల్చేసింది. పండరికి రెండు చెవులూ పూర్తిగా పోయాయని, ఇక ఎప్పటికీ వినబడదని, రెండేళ్ళ కిందట డాక్టరు రాసిచ్చిన చీటీ అది.