మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు

"నొక్కకు! ఆ ‘ఫర్వాలేదు, ముందుకెళ్ళు’ అన్నది మాత్రం నొక్కకక్కా!" ఫోన్లో తమ్ముడు అరిచాడు.

అక్క ఉలిక్కిపడి మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. కంప్యూటర్ తెర మీద ఎర్ర త్రికోణం, దాని కింద పొద్దుటి నుంచీ అదే పాట: మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు.

"పదకొండింటికి ఇంటర్వ్యూరా! ఇంకో అరగంట కూడా లేదు. ఏ సైటు తెరిచినా ఇదే గోల. పోనీ ఫోన్లో చేద్దామంటే, లెక్కల పరీక్ష కంప్యూటర్లోనే రాయాలట."

పాప పుట్టాక మానేసిన ఉద్యోగం. ఇన్నేళ్ళకి ఒక బొమ్మల కంపెనీ వాళ్ళు, ఇంట్లో కూర్చునే లెక్కలు చూడమంటూ పిలిచారు. మళ్ళీ తన కాళ్ళ మీద తాను నిలబడాలని ఆమె ఎంతగా తపించిపోతోందో కంప్యూటర్లు బాగుచేసే ఆ తమ్ముడికి తెలుసు. అందుకే దుకాణంలో ఎవరిదో పెట్టె విప్పిపెట్టి మరీ మాట్లాడుతున్నాడు.

"ఫోన్లో ఆ సైటు తెరుచుకుంటోందా?"

"శుభ్రంగా."

"అయితే సైటు మంచిదే. నెట్టూ మంచిదే. మీ పెట్టెకే తిక్క. ఆ హెచ్చరిక కింద వివరాలు చూడు, ఏముంది?"

"సైటు భద్రతకిచ్చే సర్టిఫికెట్ గడువు తీరిపోయిందట."

"అన్ని సైట్లకీ ఒక్కసారే తీరిందా? అవన్నీ కూడబలుక్కున్నాయా ఏంటి? తెర మూల తేదీ చూడక్కా."

చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. రోజు సరిగ్గానే ఉంది, నెలా సరిగ్గానే ఉంది. సంవత్సరం మాత్రం వచ్చే ఏడాదిది.

తమ్ముడు పకపకా నవ్వాడు. "అదీ సంగతి! మీ కంప్యూటర్ ఏడాది ముందుకెళ్ళి కూర్చుంది. అక్కణ్ణుంచి చూస్తే అన్నిటికీ గడువు తీరినట్టే కనిపిస్తుంది మరి."

"లోపల బ్యాటరీ పోయిందేమో?"

"బ్యాటరీ పోతే వెనక్కెళ్తుంది గానీ ముందుకెందుకు వెళ్తుంది? ‘టైము దానంతటదే సరిచూసుకో’ అని ఒకటుంటుంది, అది ఆపేసి ఉందా?"

"ఆపేసే ఉంది."

"అయితే ఎవరో చేత్తో మార్చారు. మన పాపేమో?"

"అది వారం నుంచీ వాళ్ళ పెదనాన్న ఇంట్లో ఉంది. మీ బావ ఊళ్ళో లేరు. ఇంట్లో ఉన్నది నేనూ..." ఆమెకేదో గుర్తొచ్చింది.

పొద్దున్న ఈ గదిలోకి వచ్చేసరికి మామగారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే కంగారుగా ఏదో నొక్కి, "పేపర్ చదువుకుంటున్నానమ్మా" అంటూ లేచిపోయారు.

మామగారు రిటైరైన స్టేషన్ మాస్టర్. టైమంటే ప్రాణం. గోడ గడియారం నిమిషం తప్పినా నిద్రపోని మనిషి. ఏ విషయంలోనైనా "ఆగాలి" అన్నదే ఆయన సిద్ధాంతం. పాప ఈ కంప్యూటర్లో తను ఆడే ఆటలో మామిడి మొక్క ఏడాదికి గానీ కాయదని గునుస్తుంటే, ఓర్పు గురించి గంటసేపు పాఠం చెప్పారు. ఇంటర్వ్యూ సంగతి చెప్పినప్పుడు కూడా "ఇప్పుడే తొందరేముందమ్మా, ఆగొచ్చుగా" అన్నారు.

"మా మామగారికి నేను ఉద్యోగం చెయ్యడం ఇష్టం లేదురా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడుపు తర్వాత. ముందు తేదీ మార్చు!"

మార్చింది. ఎర్ర త్రికోణం మాయమైంది. ఇంటర్వ్యూ పేజీ బుద్ధిగా తెరుచుకుంది.

పరీక్షలో వేళ్ళు పాత పరుగందుకున్నాయి. తర్వాత మాట్లాడిన పెద్దావిడ ఆమె జవాబులకి తెగ ముచ్చటపడి, "సోమవారం నుంచి చేరిపోండి" అంది. పేజీ మూయగానే ఆమె కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. సంతోషం పట్టలేక ఇంకో చుట్టు తిరిగింది.

తలుపు దగ్గర మామగారు నిలబడి ఉన్నారు, చేతిలో కాఫీ కప్పుతో. ఆయన వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలపడం ఆమె ఏనాడూ చూడలేదు.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది మామయ్యగారూ."

"హమ్మయ్య! గుండె గుప్పెట్లో పెట్టుకుని కూర్చున్నాననుకో!" ఆయన మొహం చాటంతైంది.

ఆమెకేమీ అంతు పట్టలేదు. అడిగితే బాగుండదు, అడక్కపోతే మనసు ఊరుకోదు. "దీంట్లో తేదీ మార్చింది మీరేనా?"

కాఫీ తొణికింది. "నీకింత ఇబ్బంది తెస్తుందనుకోలేదమ్మా. మళ్ళీ సరిచేసేద్దామనుకునేలోపే నువ్వొచ్చేశావు."

"నా ఉద్యోగం ఇష్టం లేకపోతే నోటితో చెప్పేయొచ్చుగా?"

"ఉద్యోగమా? దానికీ దీనికీ ఏం సంబంధం?" మామగారు నిజంగానే తెల్లబోయారు. "నీకు ఇంతకంటే మంచిది దొరుకుతుందని ఆగమన్నాను గానీ, వద్దన్నానా?"

"మరెందుకు మార్చారు?"

మామగారి చెవులు ఎర్రబడ్డాయి. కప్పు బల్ల మీద పెట్టి, "ఆగలేకపోయానమ్మా" అని గొణిగి, చెప్పుల్లేకుండానే వీధిలోకి జారుకున్నారు.

దేనికి ఆగలేకపోయారు? కాఫీ తాగుతూ ఆమె తెర వైపు తిరిగింది. అడుగున, పొద్దున్న ఎవరో కంగారులో కిందికి దించేసిన విండో ఒకటి మినుకుమినుకుమంటోంది. దాని మీద నొక్కింది. బంగారు రంగు అక్షరాలు తెర నిండా విచ్చుకున్నాయి.

"స్టేషన్ మాస్టర్ గారూ, మీ మామిడి చెట్టు కాపుకొచ్చింది!"