పలకరింపులో మిగిలిన ఒక్కరు

"ల్యాబ్ పిల్ల కూడా వెళ్ళిపోయిందే!"

హెడ్ సిస్టర్ కేకకి వంటగదిలో కోడలి చేతిలో గరిటె ఆగింది.

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఎక్కడికేమిటి, పలకరింపులోంచి. పేరు నొక్కితే 'ఈ సభ్యులు అందుబాటులో లేరు' అని వస్తోంది. మొన్న కాంపౌండరు, అంతకుముందు ఆయా. ఇక నేనే మిగిలాను, తలుపులు మూయడానికి."

ఆమె ఆస్పత్రి నుంచి రిటైరై ఆరేళ్ళయింది. డ్యూటీలో ఉన్నవాళ్ళూ, మానేసినవాళ్ళూ అంతా ఫోనులో పలకరింపు అనే చోట కలుసుకునేవారు. కోడలు కూడా ఆ ఆస్పత్రిలోనే నర్సు. తీరిక లేదని ఆ పిల్ల పలకరింపు ఎప్పుడో మానేసిందట.

ఆ రోజుల్లో ఎంత సందడి! ఎవరు ఏ ఫోటో పెట్టినా అందరికంటే ముందు హెడ్ సిస్టరే నాలుగు ముక్కలు రాసేది. ల్యాబ్ పిల్ల తొలిచూలు బిడ్డని చూపిస్తే, "ముక్కు తండ్రిది వచ్చింది, పెద్దయ్యాక సరిచేయించుకోవచ్చులే" అని ఓదార్చింది. కాంపౌండరు కొత్త ఇల్లు చూసి, "గాలి ఆడదు, అసలే ఆయాసం మనిషివి" అని హెచ్చరించింది. ఆయా భర్త పోయినప్పుడు, "సిగరెట్లు మానమని నేను అప్పుడే చెప్పాను" అని గుర్తు చేసింది. సొంత మనుషులనుకుంటేనే కదా ఎవరైనా ఉన్నమాట చెప్పేది!

ఇప్పుడు కూడా రోజూ పొద్దున్నే శుభోదయం పెడుతుంది. గోడతో మాట్లాడినట్టే ఉంటుంది.

"రేపటి నా మోకాలి ఆపరేషన్ గురించి నిన్న రాశాను," అంది గొంతు తగ్గించి. "ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు 'ధైర్యంగా ఉండండి సిస్టర్' అనలేదు. ముప్ఫై రెండేళ్ళు వాళ్ళతో పనిచేశాను. మత్తిచ్చాక మళ్ళీ లేస్తానో లేదో. ఆ ఒక్క మాట వింటే చాలనిపిస్తోంది."

"అనడానికి చూసేవాళ్ళుంటే కదా అత్తయ్యా."

"అందుకే నేనూ వదిలేస్తాను. మీ కుర్రకారు ఇప్పుడు ఎందులో ఉంటున్నారో అందులో నన్నూ చేర్చు. అక్కడైనా నలుగురు దొరుకుతారు."

కోడలు గబగబా చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"అయ్యో, అంత పని చేయకండి! అక్కడంతా వెకిలి గోల, మీకు పడదు. పైగా ఎప్పుడో ఎవరో తిరిగొచ్చారనుకోండి, మీరు కూడా లేకపోతే వాళ్ళకి బదులు పలికేదెవరు?"

"అంతేనంటావా?"

"మీరు ఉండబట్టే అది ఇంకా నిలబడింది."

హెడ్ సిస్టర్ మనసు వెన్నలా కరిగిపోయింది. ఈ పిల్లని ఇన్నాళ్ళూ ఊరికే ఆడిపోసుకున్నాననుకుంది. "కాస్త లావెక్కావు గానీ, మనసు మంచిదే నీది," అంటూ కోడలి చెంప నిమిరింది. కోడలు నవ్వి స్నానానికి వెళ్ళింది.

ఆమె మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: "నా ఆపరేషన్ రేపు తొమ్మిదింటికి. ఎవరైనా వస్తారని ఇక్కడే ఉంటాను."

అంతలో వంటగట్టు మీద కోడలి ఫోను గుర్రుమంది. మళ్ళీ గుర్రుమంది. ఆగకుండా గుర్రుమంటూ గట్టు అంచుదాకా జరిగింది. కింద పడుతుందేమోనని హెడ్ సిస్టర్ కుంటుకుంటూ వెళ్ళి పట్టుకుంది. ఇందాక చూస్తూ చూస్తూ వదిలేసి వెళ్ళింది కాబోలు, తెర మీద పలకరింపు తెరిచే ఉంది.

అందరూ అక్కడే ఉన్నారు.