పుస్తకం కోసం వచ్చానండీ

దొంగ వెనక తలుపు తాళం తీసి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా లోపలి గదిలోకి అడుగుపెట్టాడు. పెట్టి, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. దొంగ ఎలాగూ ఉన్నాడు కాబట్టి, అక్కడ లోటల్లా తేలుకే.

గది నిండా పుస్తకాలు. మధ్యలో పడక్కుర్చీ. అందులో ఒక పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివరికి జారినా పట్టించుకోకుండా, పుస్తకంలో మునిగిపోయి ఉన్నాడు.

పొద్దున ఇంటిల్లిపాదీ పెట్టెలు సర్దుకుని కారెక్కడం దొంగ ఎదురు టీ కొట్లోంచి కళ్ళారా చూశాడు. తలలు లెక్కపెట్టుకోవడం మాత్రం మరిచిపోయాడు. ఈయన్ని కాపలా పెట్టి వెళ్ళారన్నమాట. వెనక్కి జారుకునేలోగా భుజం తగిలి తలుపు కిర్రుమంది.

పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. నోరు తెరిచాడు.

ఇక అరుస్తాడనుకున్నాడు దొంగ. అరిస్తే వీధంతా వస్తుంది. కిందటిసారి వీధంతా వచ్చినప్పుడు విరిగిన మోచెయ్యి ఇప్పటికీ సరిగ్గా మడతపడదు.

"పుస్తకం కోసం వచ్చానండీ!" అనేశాడు.

పెద్దాయన జారిన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పుస్తకం కోసమా?"

"పక్క వీధిలోనే ఉంటామండీ. మీరు మంచి మంచి పుస్తకాలు చెబుతారని విన్నాను. తలుపు తీసే ఉంటేనూ..."

"ఉంటుంది, ఉంటుంది. మా ఇంట్లో ఒక్కరికీ జాగ్రత్త లేదు." పెద్దాయన మొహంలోకి మెల్లగా రంగొచ్చింది. "అంతేనా! నేనింకేమో అనుకున్నాను. ఆ చెప్పులేమిటి చేతిలో?"

"నేల అద్దంలా ఉందండీ. తొక్కబుద్ధి కాలేదు."

దొంగ నాలుక పిడచకట్టుకుపోయింది. మంచినీళ్ళు అడిగాడు.

"వంటింట్లో ఉంటాయి, మీరే చూసి తాగండి. గ్లాసులు ఎక్కడ పెడతారో నాకెప్పుడూ తెలియదు."

మగాళ్ళంతా ఇంతే అనుకున్నాడు దొంగ. అతని పెళ్ళాం రోజూ అనే మాటే అది. అటునుంచి అటే పారిపోదామనుకున్నాడు కానీ, పెద్దాయన వెనకే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికే పుస్తకాల గురించి మొదలుపెట్టేశాడు.

మళ్ళీ పుస్తకాల గదిలోకొచ్చి కూర్చున్నాక ఆయన్ని ఆపడం ఎవరి తరం కాలేదు. ఒకావిడ ముగ్గురు మొగుళ్ళతో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఒకే ఇంట్లో కాపురం చేసిన నవల చెప్పాడు. దొంగ పొట్ట పట్టుకుని నవ్వాడు. మావటి చచ్చిపోయాక తిండి మానేసిన ఏనుగు కథ చెప్పాడు. దొంగ ముక్కు చీదుకున్నాడు. పారిపోవాలన్న సంగతే కాసేపు మరిచిపోయాడు.

"మరి మీ చేతిలోదండీ?"

పెద్దాయన దాన్ని గుండెకు హత్తుకున్నాడు. "ఇది మాత్రం ఇవ్వలేను, ఏమనుకోకండి. పొద్దున వేరే పనిమీద ఈ గదిలోకొచ్చి, ఊరికే తెరిచి చూశాను. అంతే, చేసే పని అలాగే ఉండిపోయింది. ఇది పూర్తయితేగానీ ఇక్కణ్ణుంచి కదల్లేను."

అంతలో వీధి గుమ్మం దగ్గర గంట మోగింది.

దొంగ పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దాయన నోటిమీద వేలు పెట్టుకున్నాడు. "చప్పుడు చెయ్యకండి," అన్నాడు గుసగుసగా. "తలుపు తీస్తే ఇక చదువు సాగదు."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మళ్ళీ మోగింది. కాసేపటికి అడుగుల చప్పుడు దూరమైంది. చదవడమంటే ఇంత పిచ్చి ఉన్న మనిషిని దొంగ ఎక్కడా చూడలేదు.

"అన్నీ నేనే చెబుతున్నాను. మీకు బాగా నచ్చిన పుస్తకమేది?" అన్నాడు పెద్దాయన, నుదుటి చెమట తుడుచుకుంటూ.

దొంగ తల గోక్కున్నాడు. అతను మొదటినుంచి చివరిదాకా చదివిన పుస్తకం ఒక్కటే.

"తాళాల రిపేరు గురించి ఒకటుందండీ. బొమ్మలతో సహా."

నవ్వుతాడనుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కొత్తరకం తాళాలు కూడా ఉన్నాయా అందులో?"

"చివర్లో ఉన్నాయండీ. అన్నిటికన్నా అదే బాగుంటుంది."

పెద్దాయన ఆ పుస్తకం పేరు రెండుసార్లు అడిగి గుర్తుపెట్టుకున్నాడు. ఎంత చదివినవాడు, ఎంత వినయం! దొంగకు సిగ్గేసింది. ఇలాంటివాడి ఇంటికా తను కన్నం వెయ్యడానికొచ్చింది!

వెళ్ళేటప్పుడు పెద్దాయన ఉత్సాహంగా పై అరలోంచి నాలుగు లావుపాటి పుస్తకాలు దించి అతని చేతుల్లో పెట్టాడు.

"చదివి తెచ్చిచ్చేస్తానండీ."

"తొందరేం లేదు. నేను లేకపోయినా ఇంట్లో ఎవరి చేతికైనా ఇచ్చెయ్యండి."

దొంగ కళ్ళు చెమర్చాయి. ఒక ఇంట్లోని వస్తువు ఎవరైనా పిలిచి తన చేతిలో పెట్టడం అదే మొదలు. చెప్పులు తొడుక్కుని, పుస్తకాలు గుండెలకు ఆనించుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా తలెత్తుకుని వీధిలోకి నడిచాడు.

అతను మలుపు తిరిగేదాకా తెర పక్కనుంచి చూసి, పెద్దాయన గబగబా మిగిలిన పేజీలు ముగించి, బీరువాలోంచి తీసిన వెండిసామాను మూట బల్లకిందనుంచి లాగి భుజాన వేసుకుని, పొద్దున తను ఊచలు వంచిన కిటికీలోంచి బయటికి దూకాడు.