దగ్గరున్న బోరింగు

“మళ్ళీ ఆ దూరపు బోరింగుకే పోతంది సూడు దాసూ,” అంది కనకదుర్గ, స్కూటీకి స్టాండు వేస్తూ.

ఇటుకల బట్టీ మేస్త్రీ దాసు తలెత్తి చూశాడు. బట్టీ కూలీ లతీఫా బిందె చంకనెత్తుకుని, గుడిసెల పక్కనే ఉన్న బోరింగుని దాటి చెరుకుతోట వైపు నడుస్తోంది. వెనకాలే ఆమె కూతురు మదీహా.

“నానేటి సేసేదండీ? సెయ్యట్టుకుని ఇటు లాగినా తల అడ్డంగా ఊపీసి పోతంది.”

కనకదుర్గ ఆరోగ్య కేంద్రంలో నర్సు. కోప్పడే ఓపిక కూడా ఆమెకి మిగల్లేదు. ఏడేళ్ళ మదీహా అరచేతుల నిండా కాయలు, వీపు మీద నల్లమచ్చలు చూసి రెండు బోరింగుల నీళ్ళూ పరీక్షకి పంపింది ఆమే. అప్పట్లో ఏది ఖాళీగా ఉంటే ఆ బోరింగే కొట్టుకునేవారు. తోట దగ్గరి నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం ఉందని తేలింది. గుడిసెల పక్క నీళ్ళు మంచివి. నీళ్ళు మారకపోతే పిల్ల దక్కదని డాక్టరు చెప్పేశాడు.

తోట దగ్గరిది పీకించమని రాసిన కాగితం ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఉందో తెలీదు. బెంగాల్ నుంచి వచ్చిన ఈ కూలీలకి తెలుగు రాదు, కాస్త హిందీ వచ్చు. కనకదుర్గకి హిందీలో ‘పానీ’ తప్ప రాదు. అందుకే నెల కిందట పెయింటు డబ్బా తెచ్చి, కుంకుమలా కళగా ఉంటుందని, మంచి బోరింగుకి నిండా ఎర్రరంగు వేయించింది. లతీఫా చూస్తూ నిలబడింది. చివరికి దగ్గరికొచ్చి కనకదుర్గ చేతులు రెండూ కళ్ళకద్దుకుని ఏడ్చింది. అర్థమైందని కనకదుర్గ ఎంత సంతోషపడిందో. మర్నాటి నుంచి అక్కడ ఒక్క చుక్క పడితే ఒట్టు.

ఈసారి ల్యాబులో పనిచేసే తహమీనాని వెంటబెట్టుకొచ్చింది. అనకాపల్లి పిల్ల, హిందీ వచ్చు.

ఇంతలో మదీహా వెనక్కి పరిగెత్తుకొచ్చి దగ్గరి బోరింగు కొట్టి దోసిలి పట్టింది. లతీఫా బిందె పడేసి వచ్చి, పిల్ల వీపు మీద ఒక్కటేసి, నోట్లో నీళ్ళు ఉమ్మించింది.

“మంచినీళ్ళు తాగితే కొడతావేటి? తల్లివేనా నువ్వు?” అని అరిచింది కనకదుర్గ.

లతీఫా బిక్కమొహంతో వచ్చి మళ్ళీ ఆమె చేతులు కళ్ళకద్దుకోబోయింది. కనకదుర్గ చేతులు విదిలించుకుంది.

ఎందుకిలా చేస్తున్నావని తహమీనా హిందీలో అడిగింది. లతీఫా బోరింగుని చూపిస్తూ గబగబా ఏదో చెప్పింది. తహమీనా మొహం పాలిపోయింది.

“ఏటంట?”

“మీకు దణ్ణం పెడతందక్కా. మీరు సెప్పకపోతే పిల్లని సేతులారా సంపుకుందునంట.”

“మరి తాగనివ్వదేటి?”

“వాళ్ళ ఊర్లో విషం బోరింగుకే ఎర్రరంగేస్తారంట.”