వాకిట్లో వ్యాను

పందెం మొదలవడానికి ఇంకా చాలా పొద్దుంది. ఎండ గ్యాలరీ మెట్లు దిగనే లేదు. అయినా బావ వచ్చి తన సీట్లో కూర్చుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"చీకటి పడ్డాక జరిగేదానికి ఇప్పుడే ఏం తొందర?" అన్నాడు బావమరిది.

"ముందే చోటు చూసుకుని కూర్చుంటే నిమ్మళంరా."

అక్క పోయింది, అక్క మొగుడు మిగిలాడు. అది బావమరిదికి ఈనాటికీ మింగుడు పడలేదు.

అతనికి టైర్ల కొట్టుంది. బాగా అమ్మిన కొట్లవాళ్లను టైర్ల కంపెనీ విదేశం తీసుకొచ్చి, రాత్రిపూట జరిగే కార్ల పందెం చూపిస్తోంది. వెంట ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. పెళ్లాం మూతి ముడుచుకున్నా లెక్కచేయక, అతను ఆ రెండో టికెట్టు బావకిచ్చాడు. ప్రేమతో కాదు. ఒక ప్రశ్న అడగడానికి.

ఇంటి దగ్గర ఆ ప్రశ్నకు బావ చిక్కలేదు. పగలంతా స్కూలు వ్యాను తోలేవాడు. సాయంత్రం ఇతన్ని చూడ్డానికి వచ్చినా, దీపాలు పెట్టేవేళకల్లా చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు. ఇక్కడైతే చెప్పులేసుకుని ఎక్కడికి పోతాడు? దారి తెలియదు, భాష రాదు.

రానంటాడేమోననుకున్నాడు. బావ ఒక్కటే అడిగాడు, అక్కడ దీపాలు గట్టిగా ఉంటాయా అని. పట్టపగల్లా ఉంటాయంటే సరేనన్నాడు. మనిషికి సుఖం కావాలి మరి, అనుకున్నాడు బావమరిది.

ప్రశ్న చిన్నదే. ఆ రాత్రి అక్కకు గుండెనొప్పి వచ్చింది. ఇల్లు ఊరికి దూరం, పిలిస్తే పలికే పొరుగు లేదు. కానీ వ్యాను వాకిట్లో ఉంది. తాళంచెవి మేకుకు వేలాడుతోంది. బతుకంతా స్టీరింగు పట్టిన మనిషి ఆమెను ఆసుపత్రికి తీసుకుపోలేదు. ఆసుపత్రి బండి కోసం ఫోను చేసి, అక్క తల ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. బండి వచ్చేసరికి తెల్లవారింది. అక్క లేదు.

స్కూలు యజమాని డీజిలు గురించి నిలదీస్తాడని జంకాడన్నారు కొందరు. వంగిపోయిన గేటు స్తంభానికి ఆనుకుని, శవం లేచేదాకా ఆ మాటే వింటూ నిలబడ్డాడు బావమరిది. నమ్మాడు కూడా. పెళ్లాం ప్రాణం కన్నా ఉద్యోగం ముద్దయింది ఈయనకు.

అలాగని భార్య అంటే గిట్టనివాడా? పొద్దుగూకిందంటే అక్క కొంగు వదిలేవాడు కాదు. వీధిలో అక్క ముందు, కొంగు పట్టుకుని ఈయన వెనక. చూసినవాళ్లంతా నవ్వేవాళ్లు. అక్క మాత్రం నవ్వేది కాదు. బావను రాత్రిళ్లు ఏ పనీ అడగొద్దని తమ్ముడితో చెప్పేది. ఒకసారి అతను రాత్రి బస్సు దిగి కబురు పెడితే, బావ ఇంట్లో కూర్చున్నాడు, అక్క ఒక్కతే అంత దూరం నడిచొచ్చింది. ఇంత ఒళ్లు దాచుకునేవాణ్ణి ఎలా భరిస్తోందా అని అప్పుడే అతనికి ఒళ్లు మండింది.

దీపాలు వెలిగాయి. రోడ్డు మీద పిన్నీసు పడినా కనిపించేంత వెలుతురు. కార్లు చెవులు చిల్లులు పడేట్టు దూసుకుపోయాయి. ఒక కారు ఆగితే మనుషులు మూగి, ఊపిరి తీసి వదిలేలోగా నాలుగు టైర్లూ మార్చేశారు. మన కొట్లో ఈపాటికి జాకీ ఎక్కడుందో కూడా దొరికుండదన్నాడు బావమరిది. బావ పడీ పడీ నవ్వాడు. అక్క పోయాక ఆయన నవ్వడం ఇదే.

"రాత్రిళ్లన్నీ ఇట్లాగే ఉంటే ఎంత బావుండునురా," అన్నాడు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఎవరికి?"

బావ సీటును మళ్లీ రెండు చేతులా పట్టుకున్నాడు.

పందెం ముగిసింది. జనం లేచారు, బావ లేవలేదు. కాస్త పలచబడనీ అన్నాడు. కాళ్లు పట్టేశాయన్నాడు. కంపెనీ బస్సునే ఇటు రమ్మంటే రాదా అన్నాడు. మళ్లీ తప్పించుకోబోతున్నాడని బావమరిదికి అర్థమైంది. రెక్క పట్టి లేపి, గ్యాలరీ వెనక బస్సులు ఆగిన మైదానానికి లాక్కుపోయాడు. దారిలో బావ రెండుసార్లు మొరాయించాడు. అతను వదల్లేదు. వెనక దీపాలు వరసగా ఆరిపోతున్నాయి. చివరి బస్సు పక్కన, ఎవరూ లేని చోట, రెక్క వదిలేసి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇవాళ జవాబు చెప్పకపోతే నిన్నిక బావా అని పిలవను. నా గడప తొక్కొద్దు. ఆ రాత్రి వ్యాను ఎందుకు తీయలేదు?"

బావ నిలబడ్డచోటే నిలబడ్డాడు.

"వాకిట్లో ఉంది. అందులో డీజిలుంది. ఎందుకు తీయలేదు?"

"తీశానురా," అన్నాడు బావ. "గేటు స్తంభానికి గుద్దాను. ఇంక చాలు, ఆపెయ్యమంది మీ అక్క."

"అబద్ధాలు చెప్పకు. ఇన్నేళ్ల డ్రైవరువి, సొంత ఇంటి గేటు దాటలేకపోయావా?"

బావ చెయ్యి పైకి లేచింది. కొడతాడనుకున్నాడు బావమరిది. కొట్టనీ అని మొహం తిప్పుకోకుండా నిలబడ్డాడు. ఆ చెయ్యి అతని చెవి పక్కనుంచి పోయి బస్సు రేకుకు తగిలింది. అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి వచ్చి, అతని భుజం దొరికించుకుని, చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"చీకటి పడితే నాకు కళ్లు కనపడవురా."