గుడిసె కనపడితేనే విమానం

“గుడిసె కనపడిందా?” రేడియోలో పైలట్ మళ్ళీ అడిగాడు.

జైపిటీ దుర్భిణి కళ్ళకు నొక్కిపెట్టి అఖాతం వైపు చూశాడు. కింద మంచు తెలుపు. పైన ఆకాశం తెలుపు. మధ్యలో పల్చటి మసక.

“లేదు,” అన్నాడు పళ్ళు కొరుకుతూ.

“నాకు ఇక్కణ్ణుంచి మీ రన్‌వే సగం కనపడుతోందయ్యా బాబూ!”

“నాకు గుడిసె కనపడటం లేదు. నన్నేం చెయ్యమంటావ్?”

పైలట్ ఏదో తిట్టాడు. విమానం మోత ఊరి మీద ఒక చుట్టు తిరిగి, దక్షిణం వైపు సన్నగిల్లిపోయింది.

ఆ ఊరి ఎయిర్‌పోర్టులో వాతావరణం చూసి చెప్పేది జైపిటీయే. విమానం దిగే వైపు చూపు ఎంత దూరం ఆనుతోందో తేల్చడానికి ఉన్న గుర్తు ఒక్కటే. గడ్డకట్టిన అఖాతానికి అవతలి ఒడ్డున అతనికి పిల్లనిచ్చిన మామ అమారుక్ మంచుబండి మీద కట్టుకున్న నల్లరేకుల వేటగుడిసె. అది కనపడితే విమానం దిగొచ్చు. కనపడకపోతే తిరిగిపోవాలి. కిందటేడు ఒకసారి మొహమాటానికి పోయి “కనపడుతున్నట్టే ఉంది” అన్నాడు. విమానం రన్‌వే దాటి రాళ్ళలోకి దూసుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు గాని, పైవాళ్ళు పెట్టిన చీవాట్లు అతను ఈ జన్మకు మరిచిపోడు.

ఇప్పుడు ఆ విమానం రావాల్సింది అతని పెళ్ళాం ఉలురియా కోసమే.

ఊళ్ళో కాన్పులు చెయ్యరు. తొమ్మిదో నెల పడగానే ఆడవాళ్ళను విమానం ఎక్కించి, దక్షిణాన పెద్దాసుపత్రికి పంపేస్తారు. ఉలురియా పెద్దపిల్లను అక్కడే కన్నది. నెలరోజులు ఒంటరిగా, సీల్ మాంసం ముక్క దొరక్క, మెత్తటి బ్రెడ్డు మింగలేక, రోజూ ఫోన్లో ఏడ్చింది. ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్ళు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. జైపిటీకి అదంతా గుర్తుంది. అయినా రక్తం పోతే ఇక్కడ దిక్కెవరని అతని భయం. ఈసారి ముందు మంచు తుఫాను పట్టుకుంది. అది వదిలిందనుకుంటే ఈ పాడు మసక దాపురించింది.

ఊరి నర్సు కొలెట్ తలుపు తోసుకుని వచ్చింది.

“ఇవాళ కూడా వెనక్కి పంపేశావా? కడుపుతో ఉన్నది నీ పెళ్ళామా, పక్కింటావిడా?”

“నేను పంపానా? మంచు పంపింది.”

“ఆ మంచుకు నోరు నువ్వే కదా!”

జైపిటీకి ఒళ్ళు మండిపోయింది. పొయ్యి దగ్గర టీ తాగుతున్న మామ వైపు తిరిగాడు. మంచు కన్నంలోంచి సీల్ ముక్కు బయటపెడితే అంత దూరాన్నుంచి పసిగట్టే మనిషి అమారుక్.

“మామా, నువ్వన్నా చూడు. నీ గుడిసేగా, నీకైనా ఆనుతుందేమో.”

అమారుక్ దుర్భిణి వద్దన్నాడు. కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు చికిలించి, చాలాసేపు చూశాడు.

“లేదు అల్లుడూ. ఒట్టేసి చెప్తున్నా, నాకూ కనపడటం లేదు.”

కొలెట్ తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఉలురియా సంచి సర్దుకుని గుమ్మం పక్కనే పెట్టుకుంది. మొగుడి మొహం చూడగానే అడిగింది.

“రాలేదా?”

“వచ్చింది. పోయింది.”

“ఏం చేస్తాం, మన రాత.” నిట్టూర్చి, గడ్డకట్టిన చేపముక్క నోట్లో వేసుకుంది.

“నీకసలు కోపం రాదా? నాకైతే నెత్తి గోడకేసి బాదుకోవాలనుంది!”

“నేను తిడితే మసక పోతుందా? నువ్వు మాత్రం నాకోసం అబద్ధం చెప్పకు. కనపడకపోతే కనపడలేదనే చెప్పు.”

ఇంత మంచిదాన్ని ఇలా కష్టపెడుతున్నందుకు జైపిటీకి తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. కొలెట్, జైపిటీ అత్తగారు కలిసి ఉలురియాను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. జైపిటీ ఎయిర్‌పోర్టుకు పరుగెత్తాడు. విమానం వచ్చింది. తలమీద గిరగిరా తిరిగింది.

“ఇవాళ గాలి కూడా లేదు. ఊఁ అను, దింపేస్తా!” అని అరిచాడు పైలట్.

జైపిటీ చూశాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఊఁ అనే మాట గొంతు దాకా వచ్చింది. విమానంలో ఉన్నవాళ్ళకూ పెళ్ళాం పిల్లలున్నారు.

“లేదు,” అన్నాడు. అని, బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నానికి కొలెట్ ఫోన్ చేసింది. “కొడుకయ్యా! తల్లీబిడ్డా శుభ్రంగా ఉన్నారు. మీ అత్తగారి చేతిలో పడ్డాడు, నాకు పనే లేకపోయింది.”

జైపిటీ ఆరోగ్య కేంద్రానికి పడుతూ లేస్తూ వచ్చాడు. తను ఎంత చేతగాని మొగుడో చెప్పుకోవడానికి దారి పొడుగునా మాటలు వెతుక్కున్నాడు. బిడ్డ లేస్తాడేమోనని తలుపు మెల్లగా తెరిచాడు.

ఉలురియా అటు తిరిగి పడుకుని, మంచు మీద వేటకు వెళ్ళిన తండ్రితో చేతి రేడియోలో గుసగుసగా మాట్లాడుతోంది.

“నాన్నా, ఇక ఆ గుడిసెను కొండ వెనక నుంచి లాక్కొచ్చి పాత చోటే పెట్టెయ్, పాపం జైపిటీ కళ్ళు కాయలు కాచిపోతున్నాయి.”