నాలుగో తొడుగు

"మళ్ళీ మాడిందండీ," అంటూ పాల వ్యాను డ్రైవరు నల్లగా కాలిన తోలు తొడుగును కుట్టుమిషను మీద పెట్టాడు.

సీటు కవర్లు కుట్టే అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. ఇది మూడోది మరి! ఇంజన్లో పొగగొట్టం పక్కనుంచి పోయే వైర్లూ, నీళ్ళ ట్యూబూ వేడికి కమిలిపోతున్నాయి, వాటికి తొడుగులు కుట్టిపెట్టమని అతను మొదటిసారి అడిగినప్పుడు "ఓస్, అంతేనా!" అంది. మందపాటి క్యాన్వాసుతో కుట్టి ఇస్తే వారం తిరక్కుండా మాడింది. రెండు పొరలు వేస్తే నాలుగు రోజులు ఆగింది. తోలుతో కుడితే రెండు రోజులకే ఇదిగో, ఇలా తిరిగొచ్చింది. వ్యాన్లకు వ్యాన్లు తుక్కుకు పోయాయి గానీ, ఆమె వేసిన కుట్టు ఏనాడూ ఊడిన పాపాన పోలేదు. అలాంటి చేతికి ఈ అప్రతిష్ఠ ఏమిటి, చెప్పండి!

"వైర్లు బాగున్నాయా?"

"వాటికేం, దివ్యంగా ఉన్నాయి. అంతా మీ చలవే."

ఆమె తొడుగును ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇదేంటి, పాలు పొంగి మాడిన వాసనొస్తోంది?"

"పాల వ్యాను కదండీ," అన్నాడు టక్కున.

నిజమే కదా అనుకుంది.

"ఒకసారి వ్యాను తెచ్చి బానెట్ ఎత్తండి. నేనే చూస్తాను."

"అమ్మో, వద్దండీ! మీ చెయ్యి కాలితే?"

మూలన కూర్చుని గుండీలు ఏరుతున్న పిన్ని కళ్ళజోడు పైనుంచి చూసింది. "నిప్పు లేనిదే పొగ రాదులే, బాబూ," అంది. అతనికి పొలమారింది.

"నువ్వూరుకో పిన్నీ! ఇక్కడ నా పరువు పోతుంటేనూ," అని కసిరి, ఆమె అతని వైపు తిరిగింది. "ఇంకొక్కటి కుడతాను. అది కూడా మాడిందంటే నాకు పని రానట్టే లెక్క. అప్పుడు మీ ఇంటికే వచ్చి, అక్కడే కూర్చుని, మాడనిది కుట్టేదాకా కదలను!"

అతని మొహం చాటంత అయింది. "ఒట్టేనా?"

"ఒట్టు!"

ఆ రోజంతా ఆమె ఇంకో పని ముట్టుకోలేదు. అగ్గికి లొంగని గాజుపీచు బట్ట తెప్పించి, పైన వెండిరంగు రేకు వేసి, ఊపిరి బిగబట్టి కుట్టింది. సాయంత్రం అతను వచ్చాక కొవ్వొత్తి వెలిగించి అతని కళ్ళముందే తొడుగును మంట మీద పెట్టింది. కొవ్వొత్తి కరిగింది గానీ తొడుగు చెక్కుచెదరలేదు.

"ఎలా ఉంది?"

"బాగుందండీ," అన్నాడతను నీరసంగా. తొడుగు తీసుకుని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు.

ఒక రోజు గడిచింది. రెండు, మూడు, నాలుగు. అతను రాలేదు. అంటే తొడుగు మాడలేదన్నమాట! ఆమె గెలిచింది. గెలిచిన మనిషి ఎగిరి గంతెయ్యాలా, వద్దా? గుమ్మం వైపు చూస్తూ చూస్తూ సీటు కవరును లోపలి వైపు బయటికి పెట్టి కుట్టేసింది.

"గెలిచావుగా, మరి ఆ మొహమేంటే?" అంది పిన్ని.

"నాకేం, బ్రహ్మాండంగా ఉన్నాను," అంటూ కుట్టు విప్పింది. అతను రాలేదని ఆమెకు నిజంగానే ఏడుపొస్తోంది.

ఐదో రోజు పొద్దున ఒక పెద్దావిడ ఆయాసపడుతూ కొట్లోకి వచ్చింది. "పాల వ్యాను అబ్బాయి అమ్మనమ్మా," అంటూ స్టూలు మీద కూలబడి, ఆమెను ఎగాదిగా చూసి ముసిముసిగా నవ్వింది. సంచిలోంచి నాలుగో తొడుగు తీసి మిషను మీద పెట్టింది. దాన్నిండా మసి.

అమ్మాయి గబగబా మసి తుడిచి చూసింది. కింద బట్ట ఒక్క పోగు కూడా కాలలేదు.

"మాడలేదు కదండీ! మరి తీసుకొచ్చేశారేం?"

"మాడితే నాకీ తిప్పలెందుకమ్మా!" అని పెద్దావిడ నిట్టూర్చింది.

"అదేంటండీ?"

"దీన్ని కాల్చలేక మావాడు గ్యాసు బండంతా అవగొట్టాడమ్మా!"